బాపు కొవ్వులోని సున్నం

నాకు షుగర్ లేదు. ఉందని బోధన్‌లో మా కాలనీ మొత్తం ఏళ్ల తరబడి నమ్మింది. ఆ నమ్మకం నిజామాబాద్‌లో ఒక ఆసుపత్రి వరండాలో, చెక్క బెంచీ మీద, ఒక్క మాటతో మొదలైంది. ఆ మాట అన్నది మా బాపు.

ఎనభైల మధ్యలో సంగతి. నేను హైస్కూల్లో చదువుతున్నాను. బాపు చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ కూలీ. చెరుకు ఆడే నెలల్లో అక్కడ పని, మిగతా నెలల్లో ఎక్కడ పిలిస్తే అక్కడ. పిండిన పచ్చి రసంలో సున్నపు పాలు కలిపే చోట ఆయన డ్యూటీ. సున్నం తక్కువ పడితే రసం పులిసి చక్కెర విరిగిపోతుంది. ఎక్కువ పడితే రసం నల్లబడుతుంది, తర్వాత గొట్టాల లోపల పెచ్చులు కడుతుంది. సీజన్ అంతా ఆయన అరచేతులు, పాదాలు తెల్లగా పగిలి ఉండేవి. ఆదివారం చర్చికి వెళ్లే ముందు అవ్వ, అంటే మా అమ్మ, వాటికి కొబ్బరినూనె రాసేది.

బాపు సన్నటి మనిషి. ఆయన ఒంటి మీద చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడేది. అవ్వ కూడా అంతే. వాళ్లిద్దరికీ నేను లావుగా పుట్టాను, లావుగా పెరిగాను. ఇంట్లో అందరూ తినే జొన్నరొట్టె, పప్పు, పుంటికూరే నేనూ తిన్నాను. ఎవరూ నమ్మేవారు కాదు. యూనిఫాం కుట్టించడానికి బజారుకు పోతే, టైలరు నా నడుం చుట్టూ టేపు తిప్పి, ఆ కొలత పైకి చదివి, మళ్లీ ఒకసారి తిప్పి చూసేవాడు. ఆ కొలత బజారంతా విన్నట్టే ఉండేది నాకు. క్లాసులో నేను బెంచీ చివర సగం కూర్చుని, సగం గాలిలో ఉండేదాన్ని. పక్కవాళ్లు ఇరుకు అనకముందే నేనే జరిగిపోయేదాన్ని.

ఆ ఏడు సీజన్ మొదలవక ముందు బాపుకు దాహం పట్టుకుంది. కుండ నింపినంతసేపు కూడా పట్టేది కాదు, ఖాళీ అయ్యేది. ఉన్న కాస్త ఒళ్లూ కరిగిపోసాగింది. నిజామాబాద్ పెద్ద దవాఖానకు పోదామని బయల్దేరితే అవ్వ నన్నూ ముందుకు తోసింది.

"దీన్ని గూడ సూపెట్టుకరా. గింత లావెందుకైతున్నదో అడుగు."

డాక్టరు ఇద్దరి రక్తమూ పరీక్షకు పంపాడు. మధ్యాహ్నం కాగితాలు చూసి ముందు నావైపే తిరిగాడు. మళ్లీ కాగితం చూశాడు. నన్ను వదిలి బాపు వైపు తిరిగి, "అమ్మాయికేం లేదు. షుగర్ నీకున్నది" అన్నాడు.

"నాకా సారూ? నేను గింత బక్కగుంటి గద?"

"బక్కోళ్లకు రావొద్దని రూలేం లేదు" అని డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. ఎందుకు వస్తుందో చెప్పలేదు. మేమూ అడగలేదు.

మందుల కోసం బెంచీ మీద కూర్చున్నాం. మా కాలనీలో ఉండే ఆమె ఒకరు కళ్లు చూపించుకోవడానికి వచ్చి మమ్మల్ని చూసింది. బాపుతో పనిచేసే ఒకాయన భార్య. బాపు ఆమెను అక్కా అంటాడు కాబట్టి నేను అత్తమ్మా అని పిలిచేదాన్ని. మంచి మనిషే. కాకపోతే ఆమె చెవిలో పడ్డ మాట సాయంత్రానికల్లా కాలనీ మాట అవుతుంది.

"ఏమైంది తమ్మీ, గిట్లొచ్చిండ్రు?"

బాపు చేతిలో కాగితం ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"బిడ్డకు సూపెట్టనీకొచ్చినం అక్కా. షుగరన్నరు."

అత్తమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆ చూపులో ఆశ్చర్యం లేదు. "నేనెప్పుడో అనుకున్న" అన్నది. నా తల నిమిరింది.

తిరుగు బస్సు ఎడపల్లి దాటింది. అప్పుడు అడిగాను.

"గట్లెందుకన్నవు బాపు?"

ఆయన కిటికీలోంచి చెరుకు తోటల వైపు చూస్తున్నాడు. "ఈసారి పర్మనెంటు చేస్తమంటున్నరు బిడ్డా. రోగమున్నోన్ని తీసుకుంటరా? ఆమె మొగడు నా జోడిదారే. ఇయ్యాల ఆమెకు తెలిస్తే రేపు ఆఫీసుకు తెలుస్తది." నావైపు తిరిగి, "నీకేమైతది? సదువుకునే పిల్లవు. నాలుగు రోజులైతే మర్సిపోతరు" అన్నాడు.

ఎవరూ మరిచిపోలేదు. లావుగా ఉన్న పిల్లకు షుగర్ రావడం అందరికీ అర్థమయ్యే సంగతి. బక్కగా ఉన్న మనిషికి రావడం ఎవరికీ అర్థం కాదు. అందుకే ఆ అబద్ధం నిజంకంటే బాగా నిలబడింది.

స్కూల్లో నన్ను చక్కెర బస్తా అన్నారు. ఫ్యాక్టరీ ఊరు కదా, ఆ మాట వెతుక్కోవలసిన పని లేకపోయింది. డ్రిల్లు మాస్టరు నన్ను ఎండలో పరిగెత్తించకుండా చెట్టుకింద కూర్చోబెట్టి, "నువ్వు ఆడొద్దు తల్లీ, కళ్లు తిరుగుతయి" అనేవాడు. పాపం ఆయనది దయే. అందరూ ఆడుతుంటే చెట్టుకింద కూర్చుని నేను కాళ్లమీద పరికిణీ సర్దుకుంటూ ఉండేదాన్ని.

పెళ్లిళ్లలో ఇంకా కష్టం. ఒకసారి మాక్లూర్‌లో చుట్టాల పెళ్లికి వెళ్లాం. బంతిలో నా పక్కన బాపు, అటు పక్క అవ్వ. వడ్డించే ఆయన నా విస్తట్లో లడ్డూ వేశాడు. ఎదురు బంతిలో మా కాలనీ వాళ్లు కూర్చున్నారు. అవ్వ వాళ్ల వైపు ఒకసారి చూసి, నా విస్తట్లో లడ్డూ తీసి బాపు విస్తట్లో వేసింది. వేసిన తర్వాత ఆమె చెయ్యి అక్కడే ఆగింది, ఏం చేసిందో అప్పుడు తట్టినట్టు. బాపు ముందు ఇప్పుడు రెండు లడ్డూలు.

"తిను తమ్మీ, తిను. నీకేంది, ఎంత తిన్న ఒంటికి పట్టది" అని ఎదురు బంతిలోంచి ఎవరో నవ్వుతూ అన్నారు.

బాపు తల వంచుకుని రెండూ తిన్నాడు. మందు మింగినట్టు మింగాడు. నాకు లడ్డూ పోయినందుకు బాధ లేదు. ఆయన నమలడం చూడలేక నేను నీళ్ల గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత కొన్నాళ్లు ఆయన దాహం మళ్లీ ఎక్కువైంది.

మా కాలనీలో మెథడిస్టు కుటుంబాలు చాలా ఉండేవి. వారానికో ఇంట్లో ప్రార్థన జరిగేది. మా ఇంటి వంతు వచ్చినప్పుడు పాటలూ బైబిలు వాక్యమూ అయ్యాక పాస్టరు అయ్యగారు, "ఈ ఇంట్ల మన చిన్నబిడ్డ రోగంతోటి బాధపడుతున్నది" అన్నారు. నన్ను మధ్యలో మోకరించమన్నారు. చాపమీద మోకాళ్లు ఆనించి కూర్చుంటే నా వెడల్పు నాకే తెలుస్తోంది. ఆయన చెయ్యి నా తలమీద పెట్టారు. ఆడవాళ్లు నా భుజాల మీద చేతులు వేశారు. అత్తమ్మ ఏడుస్తూ ప్రార్థించింది. "ఈ పసిదాని రక్తంల ఉన్న తీపిని తీసెయ్యి ప్రభువా" అన్నది.

నేను ఒక్క క్షణం కళ్లు తెరిచాను. బాపు గోడవారగా కూర్చుని ఉన్నాడు. అందరి కళ్లూ మూసుకుని ఉన్నాయి, ఆయనవి తప్ప. నన్నే చూస్తున్నాడు. నేను చూశానని గ్రహించి కళ్లు మూసుకున్నాడు. చివర్లో అందరితోపాటు నేనూ ఆమెన్ అన్నాను. దేవుడి ముందు నాకు లేని రోగాన్ని ఒప్పుకున్నట్టయింది. ఆరోజు అన్నం తినలేకపోయాను. రోగం ముదిరిందని అత్తమ్మ మరునాడు మా ఇంటికి కాకరకాయలు పంపింది.

బాపు పర్మనెంటు అయ్యాడు. అప్పుడైనా చెప్పేస్తాడనుకున్నాను. చెప్పలేదు. ఆ అబద్ధం అప్పటికే ఎంత పాతబడిపోయిందంటే, ఇప్పుడు నిజం చెప్పడానికి కొత్త కారణం కావాలి. నేను అడగనూ లేదు. డిగ్రీకి నిజామాబాద్ పోయి వచ్చేదాన్ని. బస్సులో ఇద్దరు కూర్చునే సీటులో నా పక్కన ఎవరూ కూర్చోకపోతే ఒక రకం సిగ్గు, కూర్చుంటే ఇంకో రకం. ఎందుకు లావు, ఎందుకు బక్క, ఎవరికి షుగర్ వస్తుంది, ఎందుకు వస్తుంది అని ఎవరినీ అడగలేక పుస్తకాలను అడగడం అలవాటు చేసుకున్నాను. అట్లా జీవరసాయన శాస్త్రంలోకి వెళ్లాను. ఎమ్మెస్సీ హైదరాబాద్‌లో అయింది. తొంభైలు ముగిసే నాటికి అక్కడే ఒక పరిశోధనశాలలో చేరాను.

మా గైడ్ ఒక మేడమ్. కొవ్వు కణాలలో కాల్షియం ఎట్లా నడుస్తుందన్నది ఆమె పని. చేరడానికి వెళ్లిన రోజు, ఆ గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురు, "కొవ్వు మీదనా?" అని నన్ను చూసి, వెంటనే ఎటో చూశారు. నేను నవ్వాను. ఇట్లాంటి చోట ముందుగా నేనే నవ్వడం చిన్నప్పటినుంచీ అలవాటు.

కొవ్వు అంటే ఒంట్లో ఊరికే పేరుకున్న నెయ్యి ముద్ద అనుకునేదాన్ని. అది ఎంత పని చేస్తుందో అక్కడ చూశాను. ఒక్కో కణం లోపల దాదాపు చోటంతా ఒకే నూనె బొట్టు. మిగతా సరంజామా అంచుకు అతుక్కుని ఉంటుంది. తిన్నది ఎక్కువైనప్పుడు దాచిపెట్టడం, తిండి లేనప్పుడు విడుదల చేయడం దాని ఉద్యోగం. ఎప్పుడు దాచాలో ఎప్పుడు వదలాలో కబుర్లు వస్తుంటాయి. ఇన్సులిన్ తెచ్చే కబురు అందులో ఒకటి. ఆ కబుర్లు కణం లోపలికి చేరడానికి కాల్షియం కావాలి. ఎముకల్లో ఉండేదే, సున్నంలో ఉండేదే. కణం బయట అది బోలెడు ఉంటుంది. లోపల మాత్రం వేల రెట్లు తక్కువ ఉండాలి. కబురు రాగానే వాకిళ్లు కొద్దిగా తెరుచుకుని కాస్త లోపలికి వస్తుంది. పని కాగానే పంపులు దాన్ని బయటికి తోడేస్తాయి, లేదా లోపలున్న సంచుల్లో దాస్తాయి. ఆ పెరగడం, తగ్గడమే కణానికి అర్థమయ్యే భాష. కణం పట్టలేనంత నిండిపోతే పంపులు సరిగా తోడలేవు. కాల్షియం లోపలే నిలిచిపోతుంది. ఎప్పుడూ గోలగా ఉన్న ఇంట్లో తలుపు తట్టినా వినపడనట్టు, ఇన్సులిన్ వచ్చి పిలిచినా కణానికి సరిగా వినపడదు. దాచలేని కొవ్వు కాలేయంలోకి, కండల్లోకి పోతుంది. చక్కెర రక్తంలో మిగిలిపోతుంది. ఇందులో ఎంత కారణం, ఎంత ఫలితం అన్నది అప్పటికి తేలలేదు. ఆ తేలనిదాని మీదే మా పని.

ఒకరోజు మేడమ్ ఆరోగ్యంగా ఉన్న మనుషుల కొవ్వు కావాలన్నారు. బొడ్డు కింద మత్తు ఇంజెక్షన్ ఇచ్చి సూదితో కొద్దిగా తీస్తారు. ఇష్టమున్నవాళ్లే ఇవ్వాలి. "సన్నగా ఉన్నవాళ్లూ కావాలి, కొంచెం..." అని ఆమె ఆగిపోయింది. గదిలో అందరూ తమ తమ పనుల్లో మునిగిపోయారు.

"నేనిస్తాను మేడమ్" అన్నాను.

బల్లమీద పడుకుని పొట్టమీద బట్ట పైకి జరిపినప్పుడు, సూదికి కాదు, ఆ డాక్టరమ్మ చూపుకు భయపడ్డాను. ఆమె మాత్రం ఎండాకాలం గురించి మాట్లాడుతూ పని కానిచ్చింది. విడదీసిన కొవ్వు కణాలు ద్రవంలో మునగవు, పైకి తేలతాయి. వాటిని పైనుంచి తీసుకుని, కాల్షియం తగిలితే వెలిగే రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెట్టాం. చీకట్లో నా కణాలు గుండ్రంగా, మసకగా ఉన్నాయి. ఇన్సులిన్ వేశాం. అంచుల్లో వెలుగు లేచింది. కాసేపటికి మెల్లగా తగ్గి మళ్లీ మసక అయింది.

"మంచి కణాలు. చెప్పిన మాట వింటున్నై" అన్నారు మేడమ్.

నా ఒంటి గురించి ఎవరైనా మంచి మాట అనడం నేను వినడం బహుశా అదే మొదలు. బాత్రూంలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. ఏడుస్తున్నందుకు సిగ్గుపడ్డాను.

ఆ తర్వాత కొద్ది నెలలకు అవ్వ ఎస్టీడీ బూత్ నుంచి హాస్టల్‌కు ఫోన్ చేసింది. డ్యూటీలో బాపు బూటులోకి సున్నం జారింది. సాయంత్రం బూటు విప్పేదాకా ఆయనకు తెలియలేదు. పాదం కాలిపోయింది, మానడం లేదు. "హైదరాబాద్ తోలుకొస్తున్న. ఈడ సూపెడితే అందరు అడుగుతరు" అన్నది.

పాదాల్లో స్పర్శ పోయేంతగా షుగర్ ముదిరిందని నాకు అప్పుడే అర్థమైంది. ఒక ఆసుపత్రిలో చేర్పించాను. రోజూ కట్టు మార్చేవారు. నేను పని ముగించుకుని సాయంత్రం వెళ్లేదాన్ని. ఒకరోజు హాస్టల్‌లో బయల్దేరబోతుంటే ఫోన్ వచ్చింది. అత్తమ్మ గొంతు. ఏడుస్తోంది.

"బిడ్డా, నువ్వేనా? నువ్వే మాట్లాడుతున్నవా? కాలు తీసేస్తరటగా?"

"ఎవలికి అత్తమ్మా?"

"నీకే. షుగరు ఎక్కువై కాలు సెడిపోయిందట గద. బాపు, అవ్వ నీ దగ్గరనే ఉన్నరట. నీకోసమని ఉపాసముండి ప్రార్థన జేస్తున్నం బిడ్డా."

నా రెండు కాళ్లమీద నిలబడి ఆ మాట విన్నాను. "బాగానే ఉన్న అత్తమ్మా" అని మాత్రం అనగలిగాను. ఫోన్ పెట్టేసి ఆసుపత్రికి బయల్దేరాను.

వార్డులోకి వెళ్లేసరికి అవ్వ బాపుకు బత్తాయి ఒలుస్తోంది. నేను మంచం దగ్గర నిలబడే అన్నాను.

"నా కాలు తీసేస్తరటనా?"

అవ్వ చెయ్యి ఆగింది. బాపు కట్టు కట్టిన పాదం వైపు చూశాడు.

"నేనే సెప్పిన" అన్నది అవ్వ. "మీ బాపుకు సెలవు గావాలంటె ఏదో ఒకటి సెప్పాలె గద. గాని కాలు సంగతి నేననలె, ఆళ్లే కలుపుకున్నరు."

"ఎన్నేండ్లు సెప్తరే? నేను సచ్చినా గదే సెప్తరా? బాపు సస్తే నేను సచ్చిన్నని సెప్తరా?"

పక్క మంచాల వాళ్లు చూస్తున్నారు. గొంతు తగ్గించలేకపోయాను. బాపు చేత్తో కళ్లు కప్పుకున్నాడు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడూ చూడలేదు, చెయ్యి అడ్డం ఉంది. పలచటి ఛాతీ ఎగిరెగిరి పడటం మాత్రం చూశాను. నాకు కోపం దిగిపోయి, అంతమందిలో ఆయన్ను అట్లా చేసినందుకు తల ఎత్తలేకపోయాను.

ఆయన చెయ్యి తీసి, "నాకు సమజ్ కాదు బిడ్డా. నువ్వు గట్లుంటివి, నేను గిట్లుంటి. నాకెందుకొచ్చింది? నేనేం పాపం జేసిన?" అన్నాడు.

అన్నేళ్లలో ఆ ప్రశ్న ఆయన ఎవరినీ అడగలేదు. పాపానికి వచ్చిన రోగమనుకుని దాచాడని, ఉద్యోగం దానిమీద కప్పిన గుడ్డ మాత్రమేనని అప్పుడు తెలిసింది. మంచం అంచున కూర్చుని చెప్పాను. కొవ్వు కణాల సంగతి. లోపల నిలిచిపోయే కాల్షియం సంగతి. కాల్షియం అంటే ఆయనకు తెలియలేదు.

"సున్నం బాపు. మీ రసంల కలిపే సున్నం. తక్కువైనా పని సెడుతది, ఎక్కువై నిలిసిపోయినా సెడుతది."

ఆయన తల తిప్పి నన్ను చూశాడు. "నిలిస్తె పెచ్చులు గడుతది" అన్నాడు.

"కణంల పెచ్చులు కట్టదు. గాని మొద్దుబారుతది. నీ ఒంట్ల కొవ్వు దాసుకునే జాగ తక్కువ. ఉన్న కొన్ని కణాలే ఉబ్బిపోతయి. నాకు జాగ ఎక్కువున్నది, అందుకే ఇప్పటిదాంక నన్ను కాపాడుతున్నది. రేపు నాకూ రావచ్చు. గిది పాపం గాదు."

అవ్వ బత్తాయి తొనలు ఒళ్లో పెట్టుకుని వింటోంది. బాపు తన పలచటి పొట్టమీద చెయ్యి పెట్టుకుని, "నీ పనికి నా కొవ్వు పనికొస్తదా?" అని అడిగాడు.

పుండు మానేదాకా తీయకూడదని మేడమ్ అన్నారు. మానింది, కాలు నిలిచింది. మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆయన ఒప్పుకుని సంతకం పెట్టి ఇచ్చాడు. చొక్కా ఎత్తమంటే నావైపు చూసి, "నువ్వు బయటికి పో బిడ్డా" అన్నాడు. నేను పోయాను. తీయడానికి అసలు కొవ్వు దొరకడమే కష్టమైందని డాక్టరమ్మ తర్వాత చెప్పింది.

మైక్రోస్కోపు కింద బాపు కణాలు నావాటికంటే పెద్దవిగా ఉన్నాయి. ఏమీ వేయకముందే అంచులు వెలుగుతున్నాయి. ఇన్సులిన్ వేస్తే ఆ వెలుగులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. "ఒక్క మనిషి కణాలతో ఏదీ రుజువు కాదు, తెలుసుగా" అన్నారు మేడమ్ మెల్లగా. తెలుసు. అయినా మైక్రోస్కోపుకు కన్ను ఆనించి చాలాసేపు చూశాను. ఆ వెలుగే మా ఇంట్లో ఎవరూ పైకి అనని మాట.

బాపును కూడా చూడనిచ్చారు. ఒక కన్ను మూసుకుని చూశాడు. "ఇవి నాయేనా? సుక్కల్లెక్కున్నయి" అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం నేనూ వాళ్లతో బోధన్ వెళ్లాను. మధ్యాహ్నం మా ఇంట్లో ప్రార్థన పెట్టారు, నా కాలు నిలిచినందుకు కృతజ్ఞతగా. అత్తమ్మే అందరినీ పోగేసింది. నేను నడిచి వస్తుంటే జనం నా పాదాల వైపు చూసి దేవుణ్ణి స్తుతించారు. భూమి చీలితే బాగుండునన్నంత సిగ్గేసింది. పాటయ్యాక పాస్టరు అయ్యగారు దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమని నన్ను పిలిచారు. నేను లేవకముందే బాపు లేచాడు.

"నా బిడ్డకు షుగరు లేదు" అన్నాడు. "ఎన్నడు లేకుండె. నాకున్నది. నిజామాబాద్ దవాఖానల నేనే అబద్ధమాడిన. కాలు సెడింది గూడ నాదే. నా రోగాన్ని నా బిడ్డ మీదేసి గిన్నేండ్లు బతికిన."

ఈ మాట ఆయన నోట రావాలని నేను చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు ఊహించుకున్నానో. వచ్చినప్పుడు మాత్రం ఆపేస్తే బాగుండుననిపించింది. అందరి ముందూ ఆయన మరీ చిన్నగా కనిపించాడు. అవ్వ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

చివరికి అత్తమ్మే అడిగింది. "మరి మేము గిన్నేండ్లు జేసిన ప్రార్థన ఎవలికి ముట్టినట్టు తమ్మీ?"

"నాకే ముట్టినట్టున్నది అక్కా. బతికున్న గద."

ఒకరిద్దరు నవ్వారు. అయ్యగారు గొంతు సవరించుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఈసారి బాపు తలమీద చెయ్యి పెట్టారు. తర్వాత చాయ్ తాగుతూ బయట ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకోవడం కిటికీలోంచి విన్నాను.

"ఏ రోగం లేకపోతె మరి గంత లావెందుకున్నదే?"

"ఏమో మరి."

అప్పటిదాకా నా ఒంటికి రోగం ఒక సాకుగా ఉండేది. ఇప్పుడు అదీ పోయింది. వంటింట్లో అవ్వ పొయ్యి ముందు కూర్చుని, "రేపు నీళ్లకు నల్లా కాడికి ఏ మొకంతోని పోవాలె?" అంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆరిపోతున్న పొయ్యిలోకి ఒక కట్టె ఎగదోశాను.

మర్నాడు పొద్దున బాపు నన్ను బస్టాండ్‌కు దిగబెట్టడానికి వచ్చాడు. కొత్త మెత్తటి చెప్పులతో జాగ్రత్తగా అడుగులేస్తున్నాడు. నిజామాబాద్ బస్సు ఇంకా రాలేదు.

"సిగ్గయితున్నదా బాపు?"

"మస్తయితున్నది. నిద్ర బట్టలె."

"నాకు గూడ."

ఆయన తలూపాడు. అంతలో ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన సైకిలు ఆపి, ఒక కాలు నేలమీద ఆనించి పలకరించాడు. నిన్నటి సంగతి ఇంకా ఆయన దాకా చేరలేదు.

"ఎట్లున్నది బిడ్డా షుగరు? తగ్గుముఖం పట్టిందా?"

నేను బాపు వైపు చూశాను. నిన్న ఒక్కసారి చెప్పేస్తే అయిపోతుందనుకున్నాం ఇద్దరం. ఊరంతటికీ, ఒక్కొక్కరికీ, మళ్లీ మొదటినుంచీ చెప్పుకుంటూ పోవాలని అప్పుడు తెలిసింది. ఆయన చెంపలు నల్లబడ్డాయి. నా భుజంమీద చెయ్యి వేసి, సైకిలు ఆయన వైపు ఒక అడుగు ముందుకు జరిగాడు.

"షుగరు నాకున్నది అన్నా, బిడ్డకు గాదు. జర ఆగు, సెప్త" అన్నాడు.